బండిలో చోటు లేదు

పొద్దున్నే లేచి, తలకు పోసుకుని, ఫ్లాస్కులో కాఫీ నింపుకునేదాకా ఆమె మనసు హాయిగానే ఉంది. ఇవాళ అక్కను చూడబోతోంది. వెళ్ళాల్సింది పక్క ఊరే. హైవే ఎక్కితే ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. పొద్దున వెళ్ళి, అక్క దగ్గర కూర్చుని, చీకటి పడకముందే ఇల్లు చేరడం, అంతే ప్రయాణం. దీనికి ప్లాను వేయాల్సిన అవసరం మామూలు ఇళ్ళలో ఉండదు. కానీ ఆమె కట్టుకున్నది లోడు మాస్టారిని.

లోడు మాస్టారు అన్నది వీధి పెట్టిన పేరు. ఉద్యోగమంతా లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగానే గడిపాడాయన. ఏ లారీ ఏ సరుకుతో వెళ్ళాలి, తిరిగి వచ్చేటప్పుడు ఏం వేసుకురావాలి అన్నదే ఆయన లోకం. లారీ ఖాళీగా తిరిగొస్తే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. రిటైరయ్యాక లారీలు అక్కడే ఉండిపోయాయి గానీ ఆ జబ్బు మాత్రం ఇంటికి వచ్చేసింది. కూతురి చిన్న కారు గుమ్మం ముందు నుంచి కదులుతోందంటే చాలు, "ఊరికే పోవడం దేనికి? పనిలో పని" అని మొదలుపెడతాడు. ఊళ్ళో అందరికీ ఆయన దేవుడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆమె కిటికీలోంచి చూసింది. కారు డిక్కీ నోరు తెరుచుకుని ఉంది. లోపల మూడో ఇంటావిడ కూలరు వెల్లకిలా పడుకుంది. దాని పక్కన గోనెపట్టా చుట్టిన లారీ రేడియేటరు. వెనక సీటు నిండా మడతమంచం, దాని కాళ్ళు రెండు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాయి. గేటు దగ్గర ఎదురింటి కాంపౌండరుగారు, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతిసంచీతో ప్రయాణానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్క జబ్బుపడ్డాక వెళ్ళడం ఇది మూడోసారి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరివో చీరల మూటలు దారిలో దించి, ఇంకెవరి ఇల్లో వెతికి, అక్క ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. అక్క ఆమెను ఎగాదిగా చూసి, "కొలతల జాకెట్టు తెచ్చారాండీ?" అని అడిగింది. అమ్మ పోయాక తనను ఒళ్ళో వేసుకుని పెంచిన అక్క, కుట్టుమిషను మీద కాళ్ళు ఆనించడం నేర్పిన అక్క, చిన్నప్పటి నుంచీ పిచ్చుకా అని తప్ప మరో పేరుతో పిలవని అక్క తనను 'అండీ' అంది. రెండోసారి ఇంకా ఆలస్యమైంది. అక్క మందుల మత్తులో పడుకుని లేవనే లేదు. ఆ రెండుసార్లూ ఈయనగారు ముందు గదిలో కూర్చుని, వచ్చేటప్పుడు బండిలో ఏం వేసుకోవాలా అని ఫోన్లు చేసుకున్నాడు. తిరుగుదారిలో ఆమె ఏడిస్తే, "పెద్ద వయసు, మామూలే" అన్నాడు.

మతిమరుపు మొదలైన దగ్గర నుంచీ అక్కకు పొద్దుటి పూటే కాస్త తెలివి. మధ్యాహ్నం దాటితే మంచు కమ్మినట్టు అంతా కమ్మేస్తుంది. మొన్న అక్క కోడలు ఫోను చేసింది. "చిన్నత్తయ్యా, ఈమధ్య పొద్దుటి పూట కూడా జారిపోతోంది. ఇవాళ మాత్రం లేస్తూనే పిచ్చుక ఏదీ అని అడిగారు. వీలైనంత తొందరగా రండి" అంది. ఆ మాట మొగుడికి ఆమె వివరంగా చెప్పింది. రాత్రి చెప్పింది, మళ్ళీ దీపం ఆర్పేముందు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా అంతకన్నా నయంగా వినబడేది.

ఆమె విసురుగా భోజనాల గదిలోకి వచ్చింది. లోడు మాస్టారు బల్ల ముందు కూర్చుని ప్రయాణం ప్లాను గీస్తున్నాడు. గీయడమంటే కాగితం మీద కాదు, ఆఫీసులో అలవాటైన పద్ధతిలో బల్ల మీదే. ఈ చివర టీకప్పు, అది తమ ఇల్లు. ఆ చివర పంచదార డబ్బా, అది అక్క ఇల్లు. మధ్యలో చెంచాలు, అగ్గిపెట్టె, ఉప్పు సీసా, కళ్ళజోడు పెట్టె.

"ఇదిగో చూడు. ఇక్కడ కూలరు దించేస్తాం," ఉప్పు సీసాను వేలితో తట్టాడు. "కాంపౌండరుగారిని వాళ్ళబ్బాయి ఇంటి దగ్గర వదిలేస్తాం. కాస్త లోపలికి వెళ్ళాలి, అంతే. అక్కణ్ణించి మెకానిక్ షెడ్డు. మంచం మాత్రం దారిలోనే."

"అక్క ఇంటికి ఎప్పుడు చేరతాం?" అడిగిందామె.

"భోజనాల వేళకి. కొంచెం అటూ ఇటూ."

"మధ్యాహ్నం దాటితే వెళ్ళి ఉపయోగం లేదని చెప్పానా లేదా?"

"మీ అక్క ఎక్కడికి పోతుందే? ఇంట్లోనే ఉంటుందిగా. బండి ఖాళీగా పోతోంది కదా అని..."

ఆమె చేత్తో బల్ల మీద ఒక్క ఊపు ఊపింది. చెంచాలు గలగలమంటూ నేల మీద పడ్డాయి. ఉప్పు సీసా దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. బల్ల మీద టీకప్పు, పంచదార డబ్బా మాత్రమే మిగిలాయి.

"ఇదండీ ప్లాను," అందామె. "ఇక్కణ్ణించి అక్కడికి. మధ్యలో ఏమీ లేదు."

కారు తాళాలు పట్టుకుని కూతురు గుమ్మంలో నిలబడిపోయింది. రక్తపరీక్షల లేబొరేటరీలో ఎంతమందికి సూదులు గుచ్చినా చెయ్యి వణకని పిల్ల, తల్లి ముఖం చూసి జంకింది. ఆమె ఎవరి కోసమూ ఆగలేదు. వీధిలోకి నడిచి మడతమంచాన్ని కాళ్ళు పట్టుకుని ఈడ్చింది. అది కారు తలుపుకు గీసుకుంటూ బయటపడింది. రేడియేటరు బరువుగా ఉంటే కూతురు వచ్చి ఓ చెయ్యి వేసింది. కూలరును ఇద్దరూ కలిసి దించి అరుగు మీద పెట్టారు. మూడో ఇంటావిడ తన గుమ్మంలోంచి ఇదంతా చూసి, మెల్లగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"నేను అడగలేదమ్మా, మాస్టారే రమ్మన్నారు," అంటూ కాంపౌండరుగారు మఫ్లరు సర్దుకుని బస్టాండు వైపు నడిచాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ క్షణంలో ఆమెకు ఎవరి మీదా జాలి లేదు.

లోడు మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. "నలుగురికీ మాటిచ్చాను. నడివీధిలో నా పరువు తీస్తావా?"

"కూలరుకి మాటిచ్చారు, మంచానికి మాటిచ్చారు, ఎవరిదో తుప్పు రేడియేటరుకి కూడా మాటిచ్చారు. నాకు ఎప్పుడైనా ఇచ్చారా?" ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడింది. వినబడితే వినబడనీ అనుకుంది. "బండి ఖాళీగా పోతోందంటారా? మరి నేనెవర్ని? పెళ్ళయిన దగ్గర్నించీ మీ సరుకు మధ్యలో ఇరుక్కుని కూర్చుంటున్నాను. మా అక్క ఇంట్లోనే ఉంటుంది, నిజమే. మధ్యాహ్నం దాటితే మనిషి ఉంటుంది గానీ నాకు అక్క ఉండదు. ఆ సంగతి మీకెప్పటికి ఎక్కుతుంది?"

"అయితే మీరే పొండి. నేను రాను."

"నేను రమ్మనలేదు," అని ఆమె ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

హైవే ఎక్కాక కూడా ఆమె కోపం దిగలేదు. దారి పొడుగునా ఆయనను తిడుతూనే ఉంది. ఆయనను తిట్టడం అయిపోయాక, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకు తనను తాను తిట్టుకుంది. కూతురు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా బండి నడిపింది. టోలుగేటు దగ్గర ఆగినప్పుడు మాత్రం ఫ్లాస్కులోంచి కాఫీ పోసి తల్లి చేతికిచ్చి, "తాగి మళ్ళీ తిట్టమ్మా," అంది. ఆమెకు నవ్వు రాబోయింది గానీ, కోపమే గెలిచింది.

అక్క ఇంటి ముందు కారు ఆగేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. అక్క వరండాలో కుర్చీలో కూర్చుని, ఒడిలో ఏదో గుడ్డముక్క పెట్టుకుని అంచు మడతపెడుతోంది. ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్క తలెత్తి చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచి ఆమె జాకెట్టు చేతిని పట్టుకుని దగ్గరికి గుంజింది.

"ఈ కుట్టు ఎవరు వేశారే పిచ్చుకా? వంకర్లు పోయింది. నీకెన్నిసార్లు చెప్పాను, గుడ్డని లాగొద్దు, దాన్నే నడవనీ అని?"

"నేనే వేశానక్కా," అంటూ ఆమె అక్క మోకాళ్ళ దగ్గర కూలబడింది. అక్క కసురుతూనే ఉంది. సన్నబడ్డావంది, జుట్టు పట్టించుకోవడం లేదంది, మరిదిగారేరీ అని అడిగింది. ఆ కసుర్లు వింటూ ఆమె అక్క ఒళ్ళో తలపెట్టుకుని కడుపునిండా ఏడ్చింది. అక్క కోడలు గుమ్మం చాటున నిలబడి కళ్ళు ఒత్తుకుంది.

ఆ పూటంతా అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. అక్క తొలిసారి కుట్టిన గౌను, దాని చేతులు రెండూ ఎడమవైపువే కత్తిరించడం, నాన్న చూసి కోప్పడకుండా నవ్వడం, అన్నీ అక్కకు గుర్తున్నాయి. భోజనం అయ్యాక మళ్ళీ వరండాలో కూర్చుంటే అక్క మాటలు తడబడటం మొదలైంది. ఒకటే ప్రశ్న రెండుసార్లు వచ్చింది, తర్వాత చాలాసార్లు వచ్చింది. చివరికి అక్క ఆమె చేతిలోంచి తన చెయ్యి మర్యాదగా వెనక్కి తీసుకుని, పక్కనున్న దిండు మీద దుప్పటి కప్పి జోకొట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే వీధిలో లారీ హారను మోగింది. లారీ క్యాబిన్‌లోంచి లోడు మాస్టారు దిగాడు. పాత ఆఫీసు లారీ ఒకటి పట్టుకుని, కూలరు ఇచ్చేసి, మంచం ఇచ్చేసి, రేడియేటరు అప్పజెప్పి, చొక్కా నిండా గ్రీజు మరకలతో, పొద్దుటి కోపం ఏమాత్రం తగ్గకుండా దిగాడు.

"నా మాట నేను నిలబెట్టుకున్నాను," గేటు దగ్గర నుంచే మొదలుపెట్టాడు. "నలుగురిలో నన్ను అన్నేసి మాటలంటావా? నేనేమన్నా నా సొంతానికి మోశానా? చెప్పు."

ఆమె కూడా లేచింది. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి అనుకుంది. కానీ ఆమె నోరు తెరిచేలోపే అక్క కంగారుగా వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"అమ్మా, మీరెవరో నాకు తెలీదు," అంది ఆమెతోనే, బతిమాలుతున్నట్టు. "ఆయన్ని అరవొద్దని కాస్త చెప్పండి. మా పిచ్చుక ఇప్పుడే నిద్రపోయింది. తల్లిలేని పిల్ల, లేస్తే మళ్ళీ పడుకోదు."

అక్క దిండును జోకొడుతూనే ఉంది. లోడు మాస్టారు ఆ దిండు వైపు చూశాడు, తర్వాత పెళ్ళాం ముఖం వైపు చూశాడు. పిచ్చుక ఎవరో ఆయనకు తెలుసు. పెళ్ళి రోజున ఈ వదినగారే తన చేతిలో ఆమె చెయ్యి పెట్టి, "మా పిచ్చుక జాగ్రత్త మరిదిగారూ" అని అప్పగించింది. ఆ పిచ్చుక ఎదురుగా నిలబడి ఉంటే, తెలీని మనిషిని అడిగినట్టు అడుగుతోంది.

"పొద్దున కూడా ఇలాగే..." అని ఆగాడు.

"పొద్దున గుర్తుపట్టింది. నా కుట్టు బాగాలేదని తిట్టింది. మీ గురించి కూడా అడిగింది," అందామె. "కిందటి రెండుసార్లూ మీరు ముందు గదిలో ఫోన్లో ఉన్నప్పుడు, నేను లోపల చూసి వచ్చింది ఇదీ."

ఆయన చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వచ్చి, వదినగారి కుర్చీకి కాస్త దూరంలో నేల మీద కూర్చున్నాడు. గ్రీజు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని ఏడ్చాడు. అక్క ఆయన వంక జాలిగా చూసి, "మంచినీళ్ళు తాగుతారా బాబూ?" అని అడిగింది. ఆ మాటకు ఆయన ఇంకా ఏడ్చాడు.

పొద్దు వాలేవేళకు తిరుగు ప్రయాణమయ్యారు. ఆమె ముందు, ఆయన వెనక. ఆమె కోపం పూర్తిగా పోలేదు. అన్నేళ్ళ కోపం ఒక్క ఏడుపుతో పోతే అది కోపమే కాదు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దాటుతుండగా ఆయన ఫోను మోగింది. అవతలి గొంతు ముందు సీటు దాకా వినబడుతోంది. ఇక్కడ ఒక బీరువా ఉందట, చిన్నదేనట, ఎలాగూ వెళ్తున్నారు గనక పనిలో పనిగా వేసుకెళ్తారా అని అడుగుతున్నారు. కూతురు అద్దంలోంచి తండ్రిని చూసింది.

"కుదరదండీ," అన్నాడు లోడు మాస్టారు. "మా ఆవిడ ఉంది. బండిలో చోటు లేదు."

ఫోను జేబులో పెట్టుకుని, కాసేపు దగ్గి, "వచ్చే ఆదివారం తెల్లవారకముందే బయల్దేరదామా?" అని అడిగాడు. ఆయన పక్కన సీటంతా ఖాళీగా ఉంది. ఆమె వెనక్కి తిరగకుండానే ఫ్లాస్కు తీసి, మిగిలిన కాఫీ మూతలో పోసి, చెయ్యి వెనక్కి చాచింది.