అద్దె వేషం

మన భాష రాని పిల్లను బుద్ధి లేని పిల్లగా లెక్కగట్టే అధికారం బడి పెద్దలకు ఎవరిచ్చారు? ఇప్పటివరకు ఏ పెద్దమనిషీ దీనికి జవాబు చెప్పలేదు. ఒక ప్రాథమిక పాఠశాలలో మాత్రం మూడో తరగతి మాస్టారు ఈ సంగతే మొహం మీద అడిగేశాడు. అదీ ఎవరిని? ఆ ఏడాదే కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్‌ను.

“సోమవారం నుంచి మీ తరగతిలోని ఆ వేరే భాష పిల్ల ఒకటో తరగతిలో కూర్చుంటుంది మాస్టారూ. ఇన్ని నెలలైనా నోరు విప్పలేదు. బడి కమిటీ నిర్ణయం.”

“కమిటీకి నోరుంది, సరే. మీకు చెవులున్నాయా మేడమ్?”

“ఏమన్నారు?”

“పిల్లకి అన్నీ వచ్చు. చెప్పడానికి మన మాటలే రావు. వాళ్ల భాషలో ఎవరైనా అడిగారా?”

“మీరు అడిగారా?”

“నేర్చుకుంటున్నానండీ. నా ఉచ్చారణకి పిల్ల పడీపడీ నవ్వుతోంది.”

ఆమెకూ నవ్వొచ్చింది. దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. బయట వాన. అద్దంలో అతడి చూపు ఆమె మీదే ఉంది.

“వాన చూస్తున్నాను,” అంది అనవసరంగా.

“నేనేం అడగలేదే!”

శుక్రవారం సంస్కృతుల దినోత్సవం. ఏడాదంతా వెనక బెంచీకి నెట్టిన పిల్లలకు ఆ ఒక్కపూట రంగులు పూసి, వేదికెక్కించి, చప్పట్లు కొట్టి, తిరిగి ఆ బెంచీకే తోలే తంతుకు పెద్దలు పెట్టుకున్న పేరు ఆదరణ. అద్దె దుస్తుల దుకాణం నుంచి వచ్చిన అంగీని, ఈకల టోపీని ఆ పిల్లకు హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా తొడిగింది.

చూడవచ్చిన తల్లి వేదిక దగ్గరే ఆగిపోయింది.

“అమ్మా, ఇది మా బట్ట కాదు. మావాళ్లు ఎవరూ ఇలా కట్టరు. నన్ను అడగాలి కదా,” అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

అంతలో పిల్ల దిగి పరుగెత్తుకొచ్చింది. టోపీని వెక్కిరిస్తూ, చేతులు తిప్పుతూ, తల్లితో గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. నోరు విప్పదన్న పిల్ల!

“ఏమంటోందమ్మా?” అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

“కోపం వద్దు. మాస్టారు రాని రోజు మీరు బోర్డు మీద చేసిన భాగహారం తప్పంట. చెప్పడానికి మాటలు దొరకలేదంట.”

మాస్టారు నవ్వాపుకోవడానికి దగ్గినట్టు నటించాడు.

“అవన్నీ తర్వాత మేడమ్, కార్యక్రమం కానివ్వండి,” అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

హెడ్‌మిస్ట్రెస్ పిల్ల తలమీది టోపీ తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టింది. “అడక్కుండా ఈ వేషం వేసింది నేను. తప్పు నాది. ఈ పిల్ల మూడో తరగతిలోనే ఉంటుంది. ఇకమీదట తల్లుల్ని పిలిచి, పిల్లల్ని వాళ్ల భాషలో అడిగాకే ఏ నిర్ణయమైనా.”

“కమిటీ ఒప్పుకోదు!”

“అయితే ముందు నన్ను ఈ పదవిలోంచి దించండి.”

ఆయనకు నోట మాట రాలేదు. అంతమాత్రాన ఆయన్ను ఒకటో తరగతికి ఎవరూ పంపలేదు.

సాయంత్రం గేటు దగ్గర మాస్టారు గొడుగు పట్టాడు.

“భాగహారం నేర్పమంటారా?”

“నోరు మూసుకుని నడవండి.”

“జీవితాంతం నడవమన్నా నడుస్తాను. నోరు మాత్రం నా వశంలో లేదు.”

ఆమె ఆగింది. “మూసుకోవద్దులెండి. నాకు ఎదురుచెప్పే మనిషి ఒకరు ఉండాలి.”

“బడిలోనా?”

“ఇంట్లో కూడా.”

గొడుగు పూర్తిగా ఆమె వైపు ఒరిగింది. అతడు తడిసి ముద్దయ్యాడు.

వాళ్ల పెళ్లికి అక్షింతలు వేయడానికి మనుషులున్నారు, మీరు అక్కర్లేదు. మీరు రేపు మీ పిల్లల బడికి వెళ్లండి. వెనక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లను ఆ పిల్ల భాషలో పలకరించింది ఎవరో హెడ్మాస్టరును అడగండి. పేరు చెప్పేదాకా ఆ గదిలోంచి కదలకండి.