గుర్రపుడెక్క కాలువ

పోలయ్య పరిగెడుతున్నాడు.

కలకత్తా గార్డెన్ రీచ్ కాలువ గట్టు. చీకటి పడుతోంది. వెనక బూట్ల చప్పుడు...

కాలు జారింది!

నడుం లోతు నీళ్లు. చుట్టూ గుర్రపుడెక్క. కార్పొరేషన్ కూలీగా రోజూ పీకేది దాన్నే. పీకిన కొద్దీ కమ్మేసే పాడు మొక్క. ఇప్పుడు దాన్నే నెత్తి మీదికి లాక్కున్నాడు.

కాళ్ల మధ్య ఏదో పాకింది.

క్యాట్‌ఫిష్. మిగతా చేపల్ని మింగేస్తుందని సర్కారు బ్యాన్ చేసిన రకం. పేట రౌడీ మంటూ దా దొంగచాటుగా పెంచుతాడు. రెయిడ్ భయంతో నిన్న లారీడు చేపల్ని ఈ కాలువలో వదిలేశాడు. ఇక ఇందులో వేరే చేపపిల్లంటూ మిగలదు. అడ్డొచ్చిన ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ని కూడా ఇందులోకే తోసి, తేలకుండా తొక్కిపెట్టాడు.

పోలయ్య పెళ్లాం సుందరి అదంతా ఫోన్‌లో వీడియో తీసింది.

టార్చి వెలుగు మొహం మీద పడింది.

"పైకి రా," బెంగాలీలో అన్నాడు మంటూ దా.

గట్టెక్కగానే కణతకి పిస్టల్ ఆనింది. పోలయ్యకి భయం వెయ్యలేదు. కాళ్లతో పాటు మనసూ తిమ్మిరెక్కింది.

"నీ పెళ్లానికి ఫోన్ కొట్టు. ఆ వీడియో పట్టుకుని రమ్మను."

"దానికి బాంగ్లా సరిగ్గా రాదు దాదా."

మంటూ దా పక్కనున్న లారీ డ్రైవర్ని ఓసారి చూశాడు. నవ్వాడు.

"మీ భాషలోనే చెప్పు."

వెర్రి వెధవ! కలకత్తాలో తెలుగంటే తాళం వేసిన పెట్టె. మేస్త్రీ ఎదురుగానే మేస్త్రీని తిట్టుకునే భాష అది.

పోలయ్య చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, ఏడుపు గొంతు పెట్టాడు. "సుందరీ... నువ్వు రాకే. భవానీపూర్‌లో రాజకుమారి పిన్నింట్లోనే ఉండు. పొద్దున్నే ఆ వీడియో పోలీసులకిచ్చీ."

"నీకేటైంది మావా? ఏటా గొంతు?"

"నాకేటీ అవలేదు. కదలకు."

పెట్టేశాడు.

"వస్తోంది దాదా."

సుందరి బతుకుతుంది. అది చాలు.

డ్రైవర్ బీడీ నీళ్లలోకి విసిరాడు. ఇందాకట్నుంచి నోరు విప్పని మనిషి.

"రాజకుమారంటే... జాకెట్లు కుడతాది, ఆవిడేనా తమ్ముడా?"

తెలుగు! అచ్చం శ్రీకాకుళం తెలుగు...

"నాను ఇక్కడే, టికియాపారా తెలుగోళ్ల రైల్వే క్వార్టర్స్‌లో పుట్టాను," అన్నాడు డ్రైవర్. "మాయమ్మ జాకెట్లన్నీ ఆవిడే కుడతాది. ఇల్లు నాకెరికే."

మంటూ దా తలూపగానే డ్రైవర్ లారీ ఎక్కాడు. ఇంజన్ గర్రుమంది.

పోలయ్య చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. మొద్దుబారిన వేలితో సుందరి పేరు నొక్కాడు.

రింగవుతోంది...

"చెప్పు మావా," అంది సుందరి.

ఢాం!