పొర లేవకముందే

మాదాపూర్‌లో దిగేసరికి రంగనాథ్ చేతిలో ఉన్నది ఆఫీసులు అద్దెకిప్పించే బ్రోకర్ వేషం, జేబులో చిన్న వైర్‌లెస్ సెట్, చీకటి పడేదాకా టైము. అంతే. పోతే మాత్రం పోయేది మహేందర్ ప్రాణం.

శత్రుదేశంలో మన కోసం పనిచేస్తున్న మహేందర్ అసలు పేరు భరత్ చేతికి చిక్కింది. భరత్ పైకి సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని, లోపల విదేశీ ముఠా ఏజెంట్. ఆ పేరును అతను ఈ సాయంత్రం షార్ట్‌వేవ్‌లో పంపబోతున్నాడు.

"ట్రాన్స్‌మిటర్ వేరేచోట దాచాడు. అది మోగితేనే సిగ్నల్ పట్టే మన వ్యాన్లు జాడ తీస్తాయి," అన్నాడు చీఫ్ పొద్దున బ్రీఫింగ్‌లో.

"మోగితే మహేందర్ చస్తాడు సార్."

"చీకట్లో మోగితే. పగలు ఆకాశంలో రేడియో తరంగాలను తిప్పికొట్టే అయనోస్ఫియర్ పొర కిందుగా ఉంటుంది, తరంగం దానికి తగిలి దగ్గర్లోనే దిగుతుంది. పొద్దుగూకాక పొర పైకి లేస్తుంది, అదే తరంగం శత్రువు దాకా దూకుతుంది. వెలుగుండగానే పంపించు. సముద్రంలో పడుతుంది."

కస్టమర్‌ను తొందరపెట్టడం బ్రోకర్‌కు ఒకరు నేర్పాలా!

"సార్, కరెంటోళ్లు చెకింగ్‌కొస్తున్నరు. ఇగ జర సేపట్ల ఈ ఏరియా మొత్తం లైన్ బంద్," అన్నాడు రంగనాథ్ భరత్ ఆఫీసులోకి దూసుకొచ్చి.

"రాత్రి దాకా ఆగమని చెప్పబ్బా!"

"నా మాటింటరా సార్ వాళ్లు?"

భరత్ తన రేడియో ఆపరేటర్ వైపు తిరిగాడు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, అఖిల. ఇరుపక్కలా జీతం తీసుకునే మనిషి. ఇవాళ ఎవరి పక్కనో రంగనాథ్‌కూ తెలియదు.

"ఇప్పుడే పంపితే అందుతుందా?"

అఖిల కిటికీలోంచి ఎండను చూసింది. తర్వాత రంగనాథ్‌ను చూసింది.

"అందుతది సర్. ఫికర్ ఎందుకు?"

రిమోట్ స్విచ్ నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. సందేశం వెళ్లింది, జవాబు రాలేదు. భరత్ హెడ్‌ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాడు. బయట ఎండ పోయింది, మసక కమ్ముకుంటోంది. పొర లేస్తోంది.

"మళ్లీ పంపు!"

అఖిల వేలు కదలలేదు. భరత్ ఆమెను నెట్టేసి తానే స్విచ్ మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే దీపం ఆరిపోయింది. రంగనాథ్ జేబులో వైర్‌లెస్ గరగరలాడింది, వ్యాన్‌లోంచి చీఫ్ మనుషులు: "మణికొండ. క్రేన్ మీద యాంటెన్నా. వైరు కోసేశాం."

భరత్ పిస్తోలు తీశాడు. అఖిల సెంటు సీసా అతని కళ్లలో బుస్సుమంది. అతను మొహం పట్టుకుని కూలబడ్డాడు.

"మా పక్కనే అని ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు రంగనాథ్, బేడీలు వేస్తూ.

"చెప్తే నీ మొఖంల కనవడుతుండె అన్నా."

రంగనాథ్ లెక్క చూసుకున్నాడు. ముఠా ఏజెంట్ దొరికాడు, మహేందర్ మిగిలాడు. తనకంటే నిబ్బరంగా అబద్ధమాడే మనిషి ఒకరున్నారని తెలియడం ఆ పైన కొసరు.