బొగ్గూ దగ్గూ సిగ్గూ

"అయ్యో కొడుకా! పులి లెక్క ఉంటివి గదరా... నీ రొమ్ముల పురుగు పడ్డదా నాయినా...!"

సమ్మవ్వ గడపలోనే చతికిలబడి గుండెలు బాదుకుంటోంది. గని దవాఖానలో ఇచ్చిన చీటీ పట్టుకుని రాయమల్లు వాకిట్లో నిలబడ్డాడు. షిఫ్టు దిగి సరాసరి వచ్చాడేమో, ముఖమంతా బొగ్గు. ఆ నలుపులో కళ్ళు మాత్రం తెల్లగా, భయం భయంగా!

"ఉమ్మిల టీబీ ఉన్నదట అవ్వా..."

లోపల పొయ్యి ముందున్న అనసూర్య చేతిలోంచి గరిటె జారిపోయింది. భర్తకు రోగమని కాదు... ఆ ఉమ్మి భర్తది కాదని! తనదని!

బొగ్గు, దగ్గు, సిగ్గు... గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల లైనులో ఈ మూడూ లేని ఇల్లు లేదు. బొగ్గును పైకి తీస్తారు, దగ్గును లోపలికి తీస్తారు, సిగ్గును మాత్రం మూటగట్టి మంచం కింద దాస్తారు! ఆ మూట విప్పించడానికే ఖాతూనక్క ఆడవాళ్ళ సంఘం పెట్టింది. మొగుణ్ణి ఇదే దగ్గుకు పోగొట్టుకున్న మనిషి ఆమె. రెండు నెలలకు ఒళ్ళు కాస్త తేలికపడగానే మందు మానేసి, ఏడాది తిరక్కుండా కాటికి పోయినవాళ్ళను ఎందరిని చూసిందో! అందుకే ఆమె పెట్టిన నియమం ఒక్కటే. మాత్ర ఒంటరిగా మింగకూడదు. రోజూ ఇంట్లో ఒకరి ముందు, ఆదివారం నల్లా దగ్గర అందరి ముందు మింగాలి. మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి.

మగవాళ్ళు దానికి 'దగ్గు సంఘం' అని పేరు పెట్టి నవ్వుకునేవారు. ఆ సంఘంలో అందరికన్నా పెద్ద గొంతు అనసూర్యదే. "దాసిన దగ్గు మనిషిని దోసుకపోతది!" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అంతలా చెప్పిన నోరు, సొంత మొగుడు దగ్గడం మొదలుపెట్టి, డాక్టరు అతనికి ఉమ్మి డబ్బా ఇచ్చి పంపగానే మూగబోయింది. రోగమని తేలితే పనిలోంచి తీసేస్తారని లైనులో ఎవరో పుట్టించిన పుకారు ఆమె గుండెలో గూడు కట్టుకుంది. మర్నాడు అతను ఉమ్మి, డబ్బా కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళగానే దాన్ని పారబోసి, కడిగి, తానే దగ్గి ఉమ్మింది. నాలుగు నెలలుగా తనకూ దగ్గుంది కదా! అది పొయ్యి పొగ అనుకుంది పిచ్చితల్లి... పొగ కాదది, పగ!

తీరా చూస్తే ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. మందు వాడితే చాలన్నాడు డాక్టరు. సమ్మవ్వ కొడుక్కి పూటకో గుడ్డు ఉడకబెట్టింది. రోజూ సూది వేయించుకొచ్చి అతను బోర్లా పడుకుంటే, అనసూర్య ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి నల్లాకి, నల్లా నుంచి ఖాళీ బిందెతోనే మళ్ళీ ఇంటికి... చెప్పాలి. చెప్తే? మగవాడికొస్తే ఆలి సేవ చేస్తుంది; ఆలికొస్తే బస్సెక్కించి పుట్టింటికి పంపిస్తారు! ఆ లైనులో ముగ్గురిని అలాగే పంపించారు. ఒక్కరూ తిరిగి రాలేదు...

"ఏందే, కాలుగాలిన పిల్లి తీర్గ తిరుగుతున్నవ్? నోరు మూసుకొని ఒక్కకాడ కూసో!" అని అత్త కసిరింది. కొత్తేమీ కాదు. కాపురానికొచ్చిన ఈ పన్నెండేళ్ళలో అత్త నోటి నుంచి ఆమె విన్న మాటల్లో సగం అదే!

ఆదివారం నాడు ఖాతూనక్క రాయమల్లును కూడా నల్లా దగ్గరికి లాక్కొచ్చింది. ఆడవాళ్ళ మధ్య అతను తల దించుకుని నిలబడ్డాడు.

"శరమెందుకు తమ్మీ? గనిల దిగెటోనివి, గోలి గొంతుల దింపలేవా? మింగు, జల్ది!"

అందరూ పకపకా నవ్వారు. అతను మాత్రను నోటి దాకా తెచ్చాడు. అనసూర్య చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా...! అది నీ రోగం కాదు, నాది! డబ్బాల ఉమ్మింది నేను... నీ నౌకరి పోతదని మార్చిన!"

ఖాతూనక్క రాయమల్లు చేతిలోంచి మాత్ర తీసేసుకుంది.

"మాకందరికి సుద్దులు చెప్పి, ఆఖరికి నువ్వే దాస్తివా చెల్లే..." అంది ఖాతూనక్క మెల్లగా. తిట్టినా బాగుండేది!

సోమవారం మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళి ఎవరి డబ్బాలో వాళ్ళే ఉమ్మారు. చీటీలు వచ్చాయి. అతనిది ఉత్త దుమ్ము దగ్గు. ఆమెది మాత్రం...

ఆ చీటీలతో ఇంటికొచ్చేసరికి సమ్మవ్వ రేకుపెట్టెను వాకిట్లోకి ఈడ్చి, కోడలి చీరలు అందులో కుక్కుతోంది.

"కాసిపేటల తల్లిగారింట్ల ఉండి నయం చేసుకుంటది. తోలుకపో!"

"నాకొచ్చిందంటే గుడ్లు పెడ్తివి. దీనికొచ్చిందంటే పెట్టె సదురుతున్నవా అవ్వా?" రాయమల్లు నిలదీశాడు.

"నీకంటుకుంటదిరా కొడుకా!"

"నా పానం, నా నౌకరి పోవద్దని ఇంత పని చేసిందే ఇది! ఇది పోతే నేను గూడ పోత!"

అనసూర్య అతన్ని వారించి పెట్టె పక్కన కూర్చుంది. "పోత గని అత్తా... గీ పెట్టె ఒద్దు. లస్మవ్వ వదిన గీ పెట్టెతోనే వచ్చింది గదా..."

సమ్మవ్వ చేతులు ఆగిపోయాయి. లస్మవ్వ ఆమె పెద్ద కూతురు. దగ్గు పట్టిందని అత్తింటివాళ్ళు ఈ పెట్టెతోనే పుట్టింట్లో దింపి వెళ్ళారు. మూడో నెలలో, తల్లి ఒళ్ళోనే...! మూత లోపల ఆ పిల్ల అంటించుకున్న అద్దం ముక్క ఇంకా అలాగే ఉంది. అందులో ముసలామెకు తన ముఖం కనిపించింది... కాదు, కూతుర్ని దింపి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన ఆ వియ్యపురాలి ముఖం కనిపించింది!

"నన్ను మా ఇంటికి, నా మొగని కాడికి తోలుకపో అవ్వా అన్నదే... ఆఖరి పొద్దు గూడ గదే అన్నదే నా బిడ్డ..." అంటూ పెట్టె మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే ఒక్కొక్క చీరా బయటికి తీసింది. తీసి, మడతలు సరిచేసి, తీసుకెళ్ళి దండెం మీద వేసింది.

మర్నాడు పొద్దున అనసూర్య పొయ్యి రాజేయబోతుంటే అత్త వచ్చి ఎదురుగా నిలబడింది. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో పొట్టు తీసిన గుడ్డు!

"మందు పద్దెనిమిది నెలలట గదా? ఇగ రోజు నేనే చూస్త. మింగు!"

కోడలు మింగింది.

"ఊఁ... నోరు తెరువు. నాలిక లేపు."

అనసూర్య నోరు తెరిచి, కళ్ళు గట్టిగా మూసుకుంది. అయినా నీళ్ళు ఆగితేనా!

ముసలామె కళ్ళు చికిలించి చూసింది. చూసి, విసుక్కుంది.

"నాకు సరిగ కానొస్తలేదే. గంత దూరం నిలవడ్తే ఎట్లనే...? దగ్గరికి రా బిడ్డా!"