గంజి చీర చప్పుడు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో ఆదాముకి రేడియోలు బాగుచేసే కొట్టుంది. గడప బయట చెప్పులు విడిచి లోపలికి రావడం దానమ్మకి అలవాటు. ఆవేళ విడవకుండా వచ్చింది. వచ్చి, విప్పి ఉన్న రేడియో పక్కన ఒక ఉత్తరం పెట్టింది.

"సదువు."

ఉత్తరం మద్రాసు నుంచి వచ్చింది. క్రైస్తవ గీతాలు పాడించి రేడియోకి పంపే సంస్థ ఒకటుంది అక్కడ. వాళ్ళకి తెలుగు పాడే ఆడగొంతు కావాలని కనుక్కున్నది ఆదామే. మిషనరీల స్పూలు టేపు రికార్డరు బతిమాలి తెచ్చి, చర్చి గుడిలో దానమ్మ చేత పాడించి పంపిందీ అతనే. గాయని పాట అరుపులా ఉంది, వెనక గోడలు కూడా పాడుతున్నాయి, మధ్యమధ్య ఎండుటాకులు కాలుతున్నట్టు చిటపటలు వస్తున్నాయి అని రాశారు. ఇరవై అయిదో తారీకులోగా ఇంకో టేపు అందితే వింటారట. అదీ ఇలాగే ఉంటే మరి పంపనక్కర్లేదట.

"అరుస్తన్నానట. నేనరుస్తానేటి?"

"ఇప్పుడైతే అరుస్తన్నావు," అన్నాడు ఆదాము.

కోపంలో ఉన్న మనిషికి నిజం చెప్పకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత పావుగంట సేపు దానమ్మ చెప్పింది, అతను విన్నాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. కుట్టుపని రాదు. దేవుడు ఇచ్చింది గొంతొక్కటే. దాన్ని కూడా ఈ పాడు మిషను పాడు చేసిందంటే తనకి ఇంకేం మిగిలినట్టు? గోడలు పాడాయంటే గుడి కప్పు ఎత్తు గనక అని ఆదాము ఒప్పుకున్నాడు. ఈసారి మీ ఇంట్లోనే చేద్దామన్నాడు. చిటపటలు మాత్రం తన మిషనువి కావన్నాడు.

"అయితే నా గొంతువా?"

ఆదాము గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ఆవేళ ఇరవై ఒకటి.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి ఆదాము సామాను మోసుకుని వెళ్ళాడు. దానమ్మ అక్క పార్వతి పురిటికొచ్చి రెండు నెలలు. చంటిది పడుకుంటే గంటకి మించి పడుకోదు, పాట ఆ గంటలోనే అవ్వాలి. తల్లి ఏసమ్మ ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఇచ్చింది. ఆదాము వాటిని కిటికీలకీ గోడలకీ కట్టి, బియ్యం బస్తాలు మూలకి జరిపాడు. మిషను తిరిగే చప్పుడు పాటలోకి రాకుండా దాన్ని వరండాలో పెట్టి, తీగ ఒక్కటి లోపలికి లాగాడు. ముక్కాలిపీట మీద మైకు, దాని ముందు ఊపిరి తగలకుండా పలచని గుడ్డ. మైకుకి జానెడు దూరంలో నిలబడి, మైకులోకి కాకుండా దాని పక్కనుంచి పాడమన్నాడు.

నోటి దగ్గర గుడ్డ ఎందుకో, తను పక్కకి తిరగడం ఎందుకో దానమ్మకి అర్థం కాలేదు. తన నోటి మీద అతనికేదో ఏవగింపు ఉందనుకుంది. పళ్ళు బిగించి నిలబడింది.

కీర్తన పాడాలంటే వాళ్ళింట్లో పాత చీరతో పాడరు. ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టి, తల మీద ముసుగేసుకుంది. ఏసమ్మ దానికి గంజి దట్టంగా పెట్టి ఇస్త్రీ చేసింది. నిలబెడితే చీరే నిలబడేలా ఉంది.

ఆ మిషనుకి ముందు భాగంలో ఆకుపచ్చ దీపం ఒకటి ఉంటుంది, కంటిలాగ. గొంతు మరీ పెద్దదైతే ఆ కన్ను పూర్తిగా మూసుకుంటుంది. దానమ్మ మొదటి చరణం ఎత్తుకోగానే మూసుకుంది.

ఆదాము గుమ్మంలోంచి చెయ్యెత్తాడు. "గుడిలో సివర బెంచీకి వినబడక్కర్లేదు. నాకు వినబడితే సాలు."

"నీకు వినిపించడానికి పాడతన్నానేటి నేను?"

లోపల పార్వతి నవ్వుని దగ్గుగా మార్చుకుంది.

రెండోసారి చిటపటలు. ఆదాము మిషను విప్పి తుడిచాడు. మూడోసారీ చిటపటలే. దానమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి ఏడుపువి కావు. ఆదాము మైకు తీగ ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఈ పిల్లకి ఆశ పెట్టింది తను. నాలుగోసారి చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, టేపు మీద కాక ఆమె మీదే చూపు పెట్టాడు. ఆమె ఊపిరి పీల్చింది, చిటపట. ముసుగు సర్దుకుంది, చిటపట.

తెలిసిన ఆనందంలో నోరు జారాడు. "ముందా సీర తీసీ."

ఏసమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది.

"ఏటన్నావు బాబూ?"

"అది కాదత్తా. గంజి. గంజి సీర." గబగబా లోపలికెళ్ళి, దణ్ణెం మీదున్న ఇంకో గంజి చీర తెచ్చి మైకు దగ్గర నలిపి, టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఎండుటాకులు కాలాయి.

ఏసమ్మ గరిటె దించింది. "గంజి నేనే పెట్టేను," అంది. "ఆరోజు గుడికీ నేనే. రెండు రెట్లు పెట్టేను, పిల్ల మారాణీలా ఉంటాదని."

పార్వతి తన పాత నేతచీర ఒకటి ఇచ్చింది, ఉతికి ఉతికి మెత్తబడింది, పాలవాసన వేస్తోంది.

దానమ్మ కోపం మాత్రం మెత్తబడలేదు. తల్లీ అక్కా వినేలా అంత మాటంటాడా. మామూలు కోపానికి ఆమె గొంతు లేస్తుంది, అసలు కోపానికి దిగిపోతుంది. ఆదాము వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, కిందిస్థాయిలో పాట ఎత్తుకుంది. ఒక్కో మాటా తూచి పెట్టినట్టు పాడింది. పచ్చ కన్ను సగం మూసి, అలాగే ఉండిపోయింది.

పాట ఆఖరి మాట తర్వాత ఊపిరి కూడా తీసుకోకుండా అంది: "అయింది. ఆడపిల్లతో మాటాడ్డం నేర్సుకుని రా. లేదంటే నీ తీగల్తోనే కట్టీసి నాగావళిలో పడీస్తాను."

చంటిది లేచి ఏడుపు అందుకుంది.

ఆదాము టేపు వినిపించాడు. తన గొంతు అలా ఉంటుందని దానమ్మకి పందొమ్మిదేళ్ళుగా తెలియదు. బొంతల మధ్య, చెవి పక్కనే కూర్చుని ఎవరో పాడుతున్నట్టుంది. ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో నాగావళి వచ్చింది. పార్వతి ఈసారి దగ్గలేదు, పడి పడి నవ్వింది.

ఆదాము బ్లేడుతో ఆ తిట్టున్నంతవరకూ టేపు కోసి, వేలికి చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాగియ్యి."

"ఇవ్వను. మా అమ్మ పోయిన కాణ్ణించి నన్ను తిట్టీవోలు లేరు." అతను నవ్వలేదు. "ఉంచుకుంటాను."

ఆ సాయంత్రమే టేపు మద్రాసు మెయిల్లో వెళ్ళింది.

మూడు వారాలకి జవాబొచ్చింది. దానమ్మ గొంతు తీసుకున్నారు. పెద్దల తోడుతో వచ్చి ఆరు పాటలు పాడమన్నారు. ఊళ్ళో అందరికీ చెప్పింది దానమ్మ. చెప్పాల్సిన మనిషి ఇంటి ఛాయలకి రాలేదు. నాలుగో రోజుకి ఆగలేక కొట్టుకే వెళ్ళింది.

"మూడు వారాలు దాటింది, నువ్వు రాక," అంది.

"రావద్దన్నావు గదా."

"నేర్సుకుని రా అన్నాను. రావద్దనలేదు." గొంతు బాగా కిందికి దిగింది. "నేర్సుకున్నావేటి?"

ఆదాము చేతిలో టంకం పెట్టే కడ్డీ ఎర్రగా కాలుతోంది. "ఒక్క ముక్క నేర్సుకున్నాను. నీకు తోడు మద్రాసు నేనొస్తాను."

"పరాయోడితో అమ్మ పంపదు."

"తెల్సు. అందుకే ఆదివారం అత్తనడగడానికి వద్దామనుకుంటన్నాను."

దానమ్మ అతన్ని తినేసేలా చూసింది. ఈవేళ లక్ష్మివారం. ఇంకా మూడు రోజులు.

"అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాది," అంది.

ఆదాము గబుక్కున లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె కదల్లేదు.

"ఆ కాలీ కడ్డీ ఆపవా? పెళ్ళికి ముందే కొట్టు తగలెట్టీగలవు."

ఆదాము వెనక్కెళ్ళి ఆపాడు.