ఐదో హద్దురాయి

పొద్దు గూకితే ఊరుమ్మడి బీడు వైపు ఎవరూ వెళ్లరట. వెళ్తే... దీపమొకటి నేల మీద పాకుతుందట, వెనకే ధబ్... ధబ్‌మని చప్పుడట. విన్నవాళ్లకు మూడు రోజులు జ్వరం. పశువుల్ని పగలు తోలడం కూడా చాలామంది మానేశారు.

మేకలత్తకు మాత్రం ఈ కథ మింగుడుపడలేదు. సెంటు భూమి లేని మనిషి. ఆ బీట్లో గడ్డి ఉంటేనే ఆమె ఏడు మేకలూ, మేకలుంటేనే పూట గడిచేదీ. పైగా తూర్పు హద్దులో ఐదు రాళ్లుంటే, చివరిది నెల్లాళ్లుగా రోజూ తెల్లారేసరికి పదడుగులు లోపలికొచ్చి ఉంటోంది. మిగతా నాలుగూ ఎక్కడివక్కడే. ఆమె ఎవరికీ చెప్పకుండా దాన్ని పాత గోతిలోకి దొర్లించేది. చివరికి నడుం పట్టేసింది.

దెయ్యానికి భూమెందుకు? అనుకుంది.

రేపు కొలతలవాళ్లు వస్తున్నారు. రాళ్లు ఎక్కడుంటే అక్కడే హద్దు, ఇక ఎప్పటికీ. అందుకే ఆ రాత్రి గొంగళి కప్పుకుని ఐదో రాయి పక్క పొదలో నక్కింది. భయమే, దాచడమెందుకు.

నడిజాము దాటాక దీపం వచ్చింది. ఒక్కో రాయి దగ్గరా ఆగుతూ... పాకుతూ... నాలుగు రాళ్లూ దాటి ఆమె ముందుకొచ్చింది. గడ్డపార దిగింది, రాయి పెకిలి పదడుగులు లోపలికి దొర్లింది. ధబ్! ఆపైన దగ్గు.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. బీడు పక్క పొలం ఆసామిది.

"దెయ్యానికి ఆయాసం కూడానా, ఆసామిగారూ?" అంటూ లేచింది.

ఆసామి దీపం ఎత్తి చూశాడు. "నువ్వా! రాత్రంతా చచ్చీచెడీ ఐదు రాళ్లూ జరుపుతుంటే... తెల్లారేసరికి అన్నీ వెనక్కి పెట్టేది నువ్వేనన్నమాట!"

"ఐదా?" ఆమె మిగతా రాళ్ల వైపు చూసింది. "నేను పెట్టేది ఈ ఒక్కటే..."

"మరి ఆ నాలుగూ?"

అప్పుడు వినిపించింది — అటు చివర, చీకట్లో. ధబ్.

అడుగుల చప్పుడు. ఒకరివి కావు... చాలామందివి. తాతలనాడు ఇంటికొకరు వచ్చి చెయ్యి వేసి పాతిన రాళ్లట అవి.

ధబ్... ఇంకాస్త దగ్గర. ధబ్.

నాలుగోది వినేదాకా ఆసామి ఆగలేదు. దీపం పారేసి, పడుతూ లేస్తూ పరుగు.

నాలుగో ధబ్ మేకలత్త ఒక్కతే వింది. మేకలు గుర్తొచ్చాయి, రేపు గుర్తొచ్చింది. చీకటికి చేతులు జోడించింది.

"పెద్దలారా... ఇవాళ్టికి ఇది కూడా మీరే చూసుకోండి. నా వల్ల కాదు, నడుం పట్టేసింది."

జోడించిన చేతులు దించలేదు.

ఆమె పక్కనే — ధబ్.