క్లోరిన్‌కు చావనిది

దెబోరా తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, మా ఆయన మీద పోలీస్ కంప్లైంట్ ఇస్తారట. ఇచ్చేది మా చర్చి వాళ్ళే!"

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా దమయంతికి మంచి పేరుంది. ఆమె మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి ఊరుకుంది. ఆమె సహాయకుడు శ్రీధర్ వయసులో పెద్దవాడే. అయినా ఆమె మౌనంగా ఉండి మాట రాబట్టే తీరంటే అతనికి అబ్బురం.

దెబోరా చెప్పుకుపోయింది. ఈస్టర్‌కి చర్చిలో బాప్తిస్మాలు జరిగాయి. మనుషుల్ని ముంచే తొట్టిలో నీళ్ళు వేడిచేసే హీటర్ పాడైతే, సంఘ పెద్ద సత్యానందం తన ఇంటి నుంచి ఒకటి తెచ్చి బిగించాడు. తర్వాత బాప్తిస్మం తీసుకున్న ముగ్గురికి జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. ఇప్పుడు సత్యానందం భార్య ప్రిస్సిల్లా కూడా ఐసీయూలో ఉంది. నీళ్ళలో పెరిగి ఊపిరితిత్తులను దెబ్బతీసే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల అని డాక్టర్లు తేల్చారు.

"మా ఆయన జూడ్ వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాడు. ఈస్టర్ ముందురోజు సాయంత్రం తొట్టిలో ఏదో పోయడం కెమెరాలో పడింది. క్లోరిన్ పోశానంటాడు. తొట్టి సరిగ్గా క్లీన్ చేయట్లేదని అంతకుముందే సత్యానందం అంకుల్‌తో గొడవపడ్డాడు. ఆ కోపంతో ల్యాబ్ నుంచి జెర్మ్స్ తెచ్చి కలిపాడంటున్నారు. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి చూస్తే తొట్టిలో ఏమీ దొరకలేదు. మాకింకా హెచ్‌వన్ వీసానే మేడమ్. కేస్ పడితే మా గతేంటి?"

ఆ మధ్యాహ్నమే దమయంతి చర్చికి వెళ్ళింది. తొట్టి ఎండిపోయి శుభ్రంగా ఉంది. పక్కనున్న హీటర్ దగ్గర ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

"శ్రీధర్ గారూ, ఈ పైపు చూడండి."

"కొత్తగా మెరుస్తోందండీ."

"మరి దాన్ని బిగించిన క్లిప్పులు?"

"తుప్పు పట్టాయి!"

ఆమె పైపు ఊడదీసింది. హీటర్ మూతి లోపల జిగురుగా ఒక గోధుమరంగు వలయం ఉంది. దూదిపుల్లతో దాన్ని తుడిచి సీసాలో భద్రపరిచింది.

అంతలో సత్యానందం మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చాడు.

"హీటర్ మీదేనా అంకుల్?"

"అవునమ్మా. కొత్తదే. గరాజ్‌లో ఊరికే పడుంటే తెచ్చాను."

"మోకాలి నొప్పికి ఏం చేస్తున్నారు?"

"ఏముంది, సాయంత్రం కాసేపు హాట్ టబ్ వేడినీళ్ళలో కూర్చుంటాం, నేనూ మా ప్రిస్సిల్లా."

"బాప్తిస్మాలప్పుడు ఆంటీ తొట్టి పక్కనే ఉన్నారా?"

"లేదు. తలనొప్పని ఆ రోజు చర్చికే రాలేదు." అనేసి ఆయన ఠక్కున ఆగిపోయాడు.

దమయంతి సీసాను ల్యాబ్‌కి పంపింది. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా కంప్లైంట్ ఆపమని పాస్టరును ఒప్పించింది.

రిపోర్ట్ వచ్చాక, ఆదివారం ఆరాధన అయ్యాక, అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టింది. జూడ్ గోడవారగా నిలబడ్డాడు. అతని వైపు ఎవరూ చూడలేదు.

"జూడ్ విడిగా జెర్మ్స్ తెచ్చి పోసి ఉంటే, తొట్టిలోని క్లోరిన్‌కి అవి చాలావరకు చచ్చేవి," అంది దమయంతి. "ఇవి వచ్చింది పాచిలోంచి. పళ్ళకి గార పట్టినట్టు, బ్యాక్టీరియా పైపు గోడకి అతుక్కుని, తమ చుట్టూ తామే జిగురు కట్టుకుంటాయి. లోపలున్నవి తిండి తక్కువైనా నెమ్మదించి బతుకుతాయి. క్లోరిన్ వాటి దాకా చేరదు. నీళ్ళు జోరుగా పారితే ముక్కలుగా ఊడి బయటికొస్తాయి. అంత పాచి కట్టడానికి వారాలు కావాలి. ఒక్క సాయంత్రం చాలదు."

"మరి ఎక్కడిదమ్మా అది?" అన్నాడు పాస్టరు.

"ఆ హీటర్ మూతిలో దొరికింది. పేషెంట్లలో ఉన్న రకమే. కొత్త హీటర్‌కి తుప్పు క్లిప్పులుండవు. పైపు మాత్రం ఎవరో తర్వాత మార్చారు. ప్రిస్సిల్లా ఆంటీ ఆ రోజు చర్చికే రాలేదు. మరి ఆవిడకి జబ్బు ఎక్కడ అంటింది? ఇంట్లో. హాట్ టబ్‌లో. ఆ హీటర్ మీ టబ్‌దే కదా అంకుల్?"

సత్యానందం తలూపాడు. "పాతది. వేరేది బిగించి దీన్ని తీసేశాను. మొదటి పిల్లాడికి జ్వరం రాగానే వచ్చి పైపు విప్పి చూశా. లోపలంతా పాచి. భయమేసి మార్చేశా. అందరూ జూడ్ పేరు ఎత్తారు. నేనూ అవునన్నా. ప్రిస్సిల్లా పడిపోయాక నోరు అస్సలు పెగల్లేదు."

"టబ్ ఖాళీ చేశారా?" గోడ దగ్గర నుంచి జూడ్ అడిగాడు.

"క్లోరిన్ బాగా పోశాను బాబూ. పాచి పోయుంటుంది."

"పోదు అంకుల్! పైపుల్లో అలాగే ఉంటుంది. ఇంట్లో ఇప్పుడెవరున్నారు?"

సత్యానందం ఫోన్ తీశాడు. తల్లి కోసం ఆయన కూతురు శాంతి పిల్లలతో వచ్చి ఇంట్లో ఉంది. స్పీకర్‌లో పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు. మనవరాలు ఎత్తింది.

"తాతయ్యా! మేము స్విమ్‌సూట్స్ వేసుకున్నాం. మమ్మీ టబ్ కవర్ తీస్తోంది."

"వద్దు! నీళ్ళ జెట్స్ ఆన్ చేయొద్దు! అమ్మకి ఇవ్వు!"

ఏదో కిందపడిన చప్పుడు. పరుగు. తర్వాత శాంతి గొంతు. "ఏంటి నాన్నా? ఇంకా ఆన్ చేయలేదు."

"పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళు. మీ అమ్మకి జబ్బు వచ్చింది దాంట్లోంచే. నాకు తెలుసమ్మా. తెలిసీ చెప్పలేదు."

అవతల శాంతి పిల్లల్ని కేకేయడం వినిపించింది. తర్వాత లైన్ కట్ అయింది.

సత్యానందం కారు తాళాలు తీసి లేచాడు. జూడ్ వచ్చి ఆయన చేతిలోంచి కారు తాళాలు తీసుకున్నాడు.

"నేను డ్రైవ్ చేస్తాను. ముందు టబ్ ఆఫ్ చేసి మూసేద్దాం. తర్వాత హాస్పిటల్‌కి."

దెబోరా ముందు జూడ్ వైపు చూసింది. తర్వాత విసవిసా వెళ్ళి, కారు వెనక తలుపు తెరిచి, ఆ పెద్దాయన ఎక్కేదాకా పట్టుకుని నిలబడింది.